మంద ముచ్చట అడిగిన డాక్టరమ్మ

బుచ్చయ్య పోయాక మా ఇంటికి డాక్టరంటూ లేకుండా పోయాడు. ఆయన చదివిన డాక్టరేమీ కాదు, ఊళ్లో సూది వేసే మనిషి. కానీ మా కొడుకు మల్లేశ్ పుట్టినప్పటి నుంచి మా గడపలో కూర్చుని చాయ్ తాగని వారం లేదు. ఎవరికి ఏ మాత్ర పడదో, ఎవరు మందు మింగినట్టు చేసి కొంగులో కట్టుకుంటారో అన్నీ ఆయనకు తెలుసు. నా కొంగు చాలాసార్లు విప్పించాడు కూడా. ఆ యేడు వినాయకుణ్ని నీళ్లలో కలిపిన మర్నాడు ఛాతీ పట్టుకుని మంచం మీద వాలిపోయాడు. ఊరందరికీ సూది వేసినవాడికి ఆ పూట సూది వేసే మనిషి లేకపోయాడు.

సరిగ్గా అప్పుడే మా ఆయనకు జ్వరం మొదలైంది. మా ఆయన పేరు ఐలేశం. గొర్రెలు కాయడం తప్ప వేరే పని తెలియనివాడు. పొద్దంతా బాగానే ఉండేవాడు. పొద్దు వాలితే ఒళ్లు కాగిపోయేది. తెల్లారేసరికి గొంగడి పిండుకునేంత చెమట. నడుము పట్టేసి, వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, మళ్లీ వచ్చేది. మల్లేశే మందను మేపుకు తోలుకుపోయేవాడు.

అదే కాలంలో మా దొడ్డిలో ఈతలు. ఈతలంటే మా ఇంట్లో పండుగ. ఆ యేడు మాత్రం గొర్రెలు నెలలు నిండకుండానే పిల్లల్ని వేయడం మొదలుపెట్టాయి. దాన్ని మేము ఈసుకపోవడం అంటాం. ఆ మాట కూడా దొడ్డి లోపల, గొంతు తగ్గించి అనాలి. దొడ్డిలో జరిగిన చెడు దొడ్డి దాటకూడదని మా వాళ్ల కట్టు. పసుపు చల్లుతాం, మల్లన్నకు మొక్కుకుంటాం, నోరు మూసుకుంటాం. ఎందుకంటే మంద పేరు ఒకసారి చెడిందంటే కొనేవాడు రాడు. శివరాత్రి దాటాక ఊళ్లోని మందలన్నీ కలిసి కృష్ణ ఒడ్డుకు మేపుకు పోతాయి, ఆ గుంపులో మనల్ని కలుపుకోరు. ఎండాకాలం మా దగ్గర గడ్డి పరక దొరకదు. గుంపు లేనివాడి మంద ఎండిపోయినట్టే.

ఒక పొద్దున నేను దొడ్డిలోకి వెళ్లేసరికి ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. గొర్రె పక్కన వెంట్రుకలు కూడా రాని పిల్ల. ఆయన దాని ముక్కు పొర నోటితో తీసి, ఊపిరి ఊది చూస్తున్నాడు. అది చచ్చి చాలాసేపైంది.

"గది పోయిందయ్యా, ఇడిచిపెట్టు," అన్నాను.

"ఒకసారి సూస్త తియ్. నీకేమన్న అడ్డమొస్తున్ననా?"

"జెరం మనిషివి. మల్లేశ్‌ను పిలుస్త."

"పిలువకు. ఆడు సూస్తే మంద కాసే జోడుగాండ్లకు చెప్తడు." చేతులు మట్టికి రుద్దుకున్నాడు. "గిది నీకు నాకే. తెల్సిందా?"

తెలిసింది. ఆ పిల్లను గోడ పక్కనే పూడ్చాము. తర్వాత ఆయన చేతులు కడుక్కుని, ఇంటి పాలకు ఉంచుకున్న మేకను పట్టుకుని చెంబెడు పాలు పిండాడు. పాల మీద నురుగు ఇంకా పోలేదు, గోరువెచ్చగా ఉన్నాయి. అలాగే తీసుకెళ్లి కోడలి చేతిలో పెట్టాడు. శోభకు అప్పుడు నాలుగో నెల. పొయ్యి మీద పెడితే బలం పోతుందని ఆయన నమ్మకం. తన తల్లి కడుపుతో ఉన్నప్పుడు తన తండ్రి కూడా అలాగే తెచ్చి ఇచ్చేవాడట.

"తాగు బిడ్డా. కొడుకైనా బిడ్డైనా గొర్రెపిల్ల తీరుగ దుంకాలె."

"మామా, మేక వాసనొస్తదే," అని శోభ ముక్కు మూసుకుని తాగేది. ఆయన చెంబు బోర్లించి చూసేదాకా కదిలేవాడు కాదు.

దీపావళికి ముందు శోభ కడుపు పోయింది. ముందురోజు పత్తి ఏరడానికి పోయింది, మా చేనే, బరువు కూడా ఎత్తలేదు. అయినా నల్లా దగ్గర నీళ్లు పడుతుంటే సుక్కమ్మ అననే అన్నది. సుక్కమ్మ అంటే మా గుంపుకు పెద్ద అయిన యాదగిరి పెళ్లాం.

"నాలుగో నెల కడుపు పెట్టుకొని పత్తికి ఉరుకుతే పిల్ల నిలుస్తదానే? ఈ కాలపు పోరిలకు ఒంటి మీద సోయి ఉంటదా!"

నవ్వినవాళ్లు నవ్వారు. శోభ బిందె నిండకముందే ఎత్తుకుని ఇంటికొచ్చింది. ఆ తర్వాత నల్లా దగ్గరికి నేనే పోయాను.

*

ఇక డాక్టరు కోసం తిరగడం. బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన దవాఖానలో డాక్టరు కనబడకముందే రక్తం తీశారు. టైఫాయిడ్ అన్నారు. సెలైన్ ఎక్కించారు. తగ్గిందని ఇంటికొస్తే వారానికే మళ్లీ వణుకు. మహబూబ్‌నగర్ పోయాము. అక్కడ పెద్ద డాక్టరు ఫోన్లో మాట్లాడుతూనే నడుము మీద ఒత్తి, ఎముకలు అరిగాయి, వయసు మీద పడిందన్నాడు. మా ఆయన నోట్లోంచి మాట వచ్చేలోపే బయట బల్ల మీద కూర్చున్నవాళ్లను లోపలికి పిలిచారు. ఇంకో చోట మళ్లీ టైఫాయిడ్. ఒక్కో దవాఖానలో రోగాన్ని మొదటి నుంచి మొదలుపెట్టాలి. ముందు డాక్టరు ఇచ్చిన చీటీ చూపిస్తే ఇప్పటి డాక్టరు పక్కకు నెట్టేస్తాడు. బుచ్చయ్య ఉంటే మనిషిని చూసి, "ఏందిరో ఐలేశం, మొఖం గుంజుకపోయింది" అనైనా అనేవాడు. ఆ మనిషి ముందు ఎలా ఉండేవాడో తెలిసినవాడు కదా! వీళ్లెవరికీ మా ఆయన ముందటి ముఖం తెలియదు.

కల్వకుర్తి అంగట్లో ఉల్లిగడ్డలు అమ్మే గుర్వమ్మ చెప్పింది ఆ డాక్టరమ్మ సంగతి. చెప్పడం కూడా వెక్కిరించే చెప్పింది.

"శ్రీశైలం రోడ్డు మీద ఎరువుల దుకాణం పైన కూసుంటదే. పేరు పూజనట. సూది ఇయ్యదట, ఉత్తగ ముచ్చట్లు పెడ్తదట. ఏం తిన్నవ్, యాడ పన్నవ్, ఇంట్ల ఎవరెవరున్నరు అని. మా అల్లుడైతే దండం పెట్టి దిగొచ్చిండు. సూది ఇయ్యనామె ఏం డాక్టరే!"

"ముచ్చట్లడుగుతదా?" అన్నాను.

"అడుగుతదట."

మర్నాడే పోయాము. మెట్లు ఎక్కుతుంటే ఎరువుల వాసన వెంట వచ్చింది. పైన రెండు గదులు, ఒక బల్ల, మనుషులు లేరు. డాక్టరమ్మ మా శోభ కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. అచ్చంపేట వైపు పిల్ల. మా ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అరచేతులు తిప్పి చూసింది.

"ఏం పని చేస్తవ్ తాతా?"

ఇన్ని దవాఖానలు తిరిగితే ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

"గొర్లు కాస్త బిడ్డా."

"ఎన్నున్నయి?"

మా వాళ్లు గొర్రెల లెక్క ఎవరికీ చెప్పరు. ఆయన నవ్వాడు. "ఉన్నయి, దేవుని దయ."

ఆమె కూడా నవ్వింది. "లెక్కొద్దు తియ్. ఈ యేడు ఈతలు మంచిగైనయా?"

"మంచిగైనయి."

"ఏమన్న ఈసుకపోయినయా?"

ఆ మాట ఆమె నోట వినగానే ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూశాను. చదువుకున్న పిల్లకు మా దొడ్డి మాట ఎలా తెలుసు? ఆయన నా వైపు ఒక్క చూపు చూశాడు. చూసి, నిదానంగా చెప్పాడు.

"లే బిడ్డా. సల్లగున్నది మంద."

ఆమె అక్కడే అయ్యే పరీక్షలు చేయించి, నొప్పికి మాత్రలిచ్చి, తగ్గకపోతే వెంటనే రమ్మంది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు.

"ఆ పోరి రోగం దగ్గర్దాక వచ్చింది. నువ్వే తోవ మలిపినవ్."

"గొర్లకు, నా జెరానికి ఏం సంబంధమే? మందకు దిష్టి తాకింది, నాకు జెరమొచ్చింది. రెండొకటేనా?"

"మరెందుకడిగింది?"

"నాకేమెరుక? కింద ఎరువుల దుకాణం. పొద్దంత ఊరోళ్లు కూసుంటరు. ఆ పైన అన్న మాట యాదగిరికి చేరకుంటదా? శివరాత్రినాడు నన్ను గుంపుల కలుపుకుంటడా?" మాట్లాడుతుండగానే ఆయాసం వచ్చింది. "నేను పోతే పోత గని, మంద పేరు పోవొద్దు. మల్లిగానికి ఆ ఒక్కటే ఉన్నది."

చలి ముదిరింది. ఆయన సగమయ్యాడు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేవాడు. ఒకనాడు పొద్దున దొడ్డిదాకా నడవబోయి గోడ పట్టుకుని కూలబడ్డాడు. శోభ, నేను కలిసి ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయాము. మెట్లు ఎక్కించడం మా వల్ల కాలేదు. శోభ పైకి పరుగెత్తి చెబితే డాక్టరమ్మే కిందికి దిగి వచ్చింది. ఆటోలోనే నాడి చూసింది, కడుపు ఒత్తి చూసింది. మళ్లీ అదే అడిగింది.

"తాతా, మంద ఎట్లున్నది?"

"సల్లగున్నది," అన్నాడు కళ్లు తెరవకుండానే.

బయటివాళ్ల ముందు నేనెప్పుడూ ఆయన మాటకు ఎదురు మాట అనలేదు. ఎరువుల దుకాణం బల్ల మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని మా వైపే చూస్తున్నారు. నేను డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగాను.

"ఈసుకపోతున్నయి బిడ్డా. శ్రావణం కాడికెళ్లి."

ఆయన కళ్లు తెరిచాడు. నన్ను చూడలేదు. ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

"ఎన్ని అవ్వా?"

"లెక్క చెప్పొద్దు బిడ్డా. శాన."

"పిల్లలను, మాయను ఎవరు తీసిండ్రు?"

"ఈయననే."

"చేతులకేమన్న తొడుక్కున్నడా?"

"చేతులకేం తొడుక్కుంటరు, గాజులా?"

ఆమె నవ్వలేదు. రక్తం తీసి హైదరాబాద్ పంపించింది. ఆ రోజే మందులు మొదలుపెట్టింది, సూదులు కూడా. సూది ఇవ్వని డాక్టరమ్మ మా ఆయనకు రోజూ ఇచ్చింది. పక్క గదిలో బల్ల మీద పడుకోబెట్టుకుని, ఎండ తగిలేలా కిటికీ తెరిచి పెట్టేది. మా ఆయన నాతో మాట్లాడలేదు. నీళ్లు కావాలన్నా శోభనే అడిగాడు.

రక్తం చీటీ వచ్చిన రోజు ఆయన లేచి కూర్చునే ఉన్నాడు. శోభ మందుల దుకాణానికి పోయింది. డాక్టరమ్మ ఏదో పేరు చెప్పింది, నాకు నోరు తిరగదు. గొర్రెల నుంచి మనిషికి వచ్చే జబ్బట. చచ్చిన పిల్లల నుంచి, మాయ నుంచి వస్తుందట. నెలన్నర విడవకుండా మాత్రలు మింగితే పోతుందట. చచ్చిన పిల్లల్ని లోతుగా తవ్వి, సున్నం వేసి పూడ్చమంది. ముట్టుకునే ముందు చేతులకు తొడుగులు వేసుకోమంది.

"ఇంకొకటి. పచ్చిపాలు తాగొద్దు. మరగబెట్టి తాగాలె."

"మేం చాయ్‌లకే బిడ్డా," అన్నాడు ఆయన. "మేకపాలు గూడనా?"

"మేకపాలు గూడ."

"అప్పుడే పిండినయి? నురుగు మీదున్నయి?"

"అవే పచ్చివి తాతా."

"కడుపుతోటి ఉన్నోళ్లు తాగితే?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఎవరు తాగిండ్రు?"

ఆయన కాళ్ల వేళ్లు చూసుకుంటున్నాడు. నేనే చెప్పాను. "మా కోడలు. దీపావళి ముందర పోయింది బిడ్డా."

"దీనితోనే పోయిందని నేను కరారుగ చెప్పలేను అవ్వా," అంది ఆమె. "పోయి ఉండొచ్చు. ఆమెను గూడ చూస్త, పంపు."

ఆయన అప్పుడు నాతో మాట్లాడాడు, ఇన్ని రోజుల తర్వాత.

"జర నీళ్లియ్యే."

ఇచ్చాను. చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేదు. శోభ మందులు తీసుకుని మెట్లెక్కి వచ్చింది. డాక్టరమ్మ ఆమెను లోపలి గదిలోకి పిలిచి తెర లాగింది. చాలాసేపటికి శోభ బయటికొచ్చింది. మామ చేతిలోని చెంబు తీసి పక్కన పెట్టి, ఆయన రెక్క పట్టుకుని మెట్లు దించింది.

*

శోభ రక్తంలో కూడా ఉందన్నారు. మామకూ కోడలికీ ఒకే రకం మాత్రలు. మల్లేశ్‌నూ నన్నూ కూడా పిలిపించి చూసింది. మాకు రాలేదు. మా నలుగురి ఒళ్లూ ఆమెకు తెలిసిపోయాయి. మల్లేశ్‌కు చెవి ఎందుకు చీము కారుతుందో, నాకు మోకాలు ఏ రోజు వాస్తుందో. ఇంటికి డాక్టరు దొరికింది. జ్వరం కూడా తగ్గింది. కానీ మా ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదు. ఆయన దొడ్డిలో కూర్చుని మేకను చూసేవాడు. పాలు పిండడం మానేశాడు. దాని పొదుగు బరువెక్కి అరుస్తుంటే మల్లేశ్ వెళ్లి పిండి వచ్చేవాడు.

శివరాత్రి దగ్గరపడింది. మందలు కదిలే రోజులు. ఒక మధ్యాహ్నం శోభ చాటలో బియ్యం చెరుగుతోంది. ఆయన వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"బిడ్డా, నీకొక ముచ్చట చెప్పాలె."

"ఎరుకే మామా."

"ఏమెరుక?"

"పాల ముచ్చట. డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచిన నాడే ఎరుకైంది."

"మరి ఒక్క మాట అనకపోతివి."

"అంటే ఏమొస్తది." చాట ఆగలేదు. రాయి ఏరి పక్కకు పడేసింది. "నువ్వు కావాలని పోసినవా? నాకు చెప్పుడెందుకు మామా. నల్లా కాడ నన్నన్నోళ్లకు చెప్పు."

ఆయన నా వైపు చూశాడు. గుంపును వదులుకోవడమంటే ఏమిటో శోభకూ తెలుసు, గొర్రెలున్న ఇంటి పిల్లే ఆమె. అయినా అడిగింది. నేను ఆమె తరఫునా మాట్లాడలేదు, ఆయన తరఫునా మాట్లాడలేదు. ఆమె బియ్యం చెరగడం అయిపోయేదాకా ఆయన అక్కడి నుంచి లేవలేదు.

యాదగిరి వాకిట్లో కాపరులంతా కూడారు. ఏ తోవన పోవాలి, ఎవరి మంద ముందుండాలి అని మాట్లాడుకోవడం అక్కడే. ఆడవాళ్లం గోడ పక్కన నిలబడ్డాము. శోభ కూడా వచ్చింది. తల దించుకోలేదు. యాదగిరి మంచం మీద గొంగడి కప్పుకుని కూర్చున్నాడు.

"ఐలేశం, ఒళ్లు మంచిగైందా? నువ్వొస్తవా, మల్లిగాణ్ని తోలుతవా?" అన్నాడు.

మా ఆయన కర్ర పట్టుకుని లేచాడు.

"అందరు ఇనుండ్రి. నా మంద ఈసుకపోయింది. శ్రావణం కాడికెళ్లి ఈసుకపోతనే ఉన్నది. నాకొచ్చిన జెరం గూడ దానికెళ్లే." ఎవరో మంచం చప్పుడు చేస్తూ వెనక్కి జరుపుకున్నారు. ఆయన ఆగలేదు. "నా కోడలు కడుపు పోయింది పత్తికి పోయి కాదు. నేను పచ్చిపాలు పోసిన. దానికి పోయిందని మా అనుమానం. ఇగ ఆమెను ఎవలు ఏమనకుండ్రి."

అంతే చెప్పి కూర్చున్నాడు.

"శివరాత్రి ముంగట గిసొంటి మాట నోట్లెకెళ్లి తీస్తరా!" అంది ఒక కాపరి పెళ్లాం బిక్షమ్మ గోడ దగ్గర నుంచి. మగవాళ్లందరూ యాదగిరి వైపు చూశారు. ఆయన గొంగడి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడే ఎండ.

"ఈ యేడు నీ మంద మా ఎంబడి వద్దు ఐలేశం."

"సరే," అన్నాడు మా ఆయన.

శోభ ఆయన కర్ర అందుకుని, రెక్క పట్టుకుని ముందు నడిచింది. నేను వెనక పడ్డాను. సందు మలుపులో నా వెనక గాజుల చప్పుడు. తిరిగి చూస్తే సుక్కమ్మ. చేతిలో ఖాళీ బిందె, నీళ్లకు పోతున్నట్టు.

"ఓ జానమ్మా," అంది, వాకిలి వైపు ఒకసారి చూసి. "ఆ డాక్టరమ్మ ఐతారం గూడ కూసుంటదా?"

అనాల్సినవి చాలా ఉన్నాయి. ఎండలో యాదగిరి కప్పుకున్న గొంగడి గుర్తొచ్చింది.

"కూసుంటది. యాదగిరికి ఎన్ని దినాల సంది?"

"నాగుల చవితి కాడికెళ్లి. మాపటికే వస్తది."

"మంద ముచ్చట అడుగుతది. దాచొద్దు."

"ఆయన చెప్పడే."

"నువ్వు చెప్పు."

సుక్కమ్మ బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "నువ్వు చెప్పినవ్ గని," అని ఏదో అనబోయి, వాకిట్లోంచి భర్త దగ్గు వినబడి గబగబా నల్లా వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత పశువుల డాక్టరు వచ్చి మా గొర్రెలన్నిటికీ రక్తం తీశాడు. జబ్బున్నవాటిని వేరు చేశారు. అవి పోయాక మిగిలినవి దొడ్డిలో ఒక మూలకు సరిపోయాయి. మల్లేశ్ హైదరాబాద్‌లో వాచ్‌మన్ పని ఉందేమో చూస్తానన్నాడు. ఆయన వద్దనలేదు.

సుక్కమ్మ అడిగిన ఆ ఆదివారం పొద్దున్నే నేను కల్వకుర్తి పోయి ఎరువుల దుకాణం పైన బల్ల మీద కూర్చున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా లేచి చూశాను. ఒక బాలింత వచ్చింది. కాలు బెణికిన ముసలాయన వచ్చాడు. డాక్టరమ్మ మధ్యలో ఒకసారి బయటికొచ్చి, "నీ మనుషులు వచ్చిండ్రా అవ్వా?" అని అడిగింది.

"వస్తరు బిడ్డా," అన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఆమె తలుపు దగ్గరికి వేసి, తాళం చేతిలో పట్టుకుని, నా పక్కన వచ్చి కూర్చుంది. ఆఖరి బస్సు వెళ్లిపోయేదాకా ఇద్దరం మెట్ల వైపే చూశాము.